పప్పన్నం తిన్నంత మాత్రాన

నేను మాంసం తినను. గుడ్డు కూడా ముట్టను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే ఇదంతా చదివి "ఈవిడకి కోడికూర మీద మనసు పోయింది" అని తేల్చేసే పెద్దమనుషులకు మనలో కొదవ లేదు. నా నోటికి సయించలేదు, మనసుకీ సయించలేదు, మానేశాను. అది నాకూ నా కంచానికీ మధ్య వ్యవహారం. నా తగువు మాంసం మానేసినవాళ్లతో కాదు. తాము మానేసి, ఆ ఖర్చు పక్కవాళ్ల నెత్తిన రుద్దేవాళ్లతో.

శాకాహారం మీద మన దేశంలో ఉపన్యాసాలకు లోటేముంది? పుణ్యం ఎంత, ఆరోగ్యం ఎంత, భూగోళానికి మేలెంత, అన్నీ చెబుతారు. ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారని మాత్రం ఏ వేదిక మీదా అడగరు. అడిగితే వేదిక మీద ఉన్నవాళ్లు దిగి వంటింట్లోకి వెళ్లాల్సి వస్తుంది.

వంటింట్లోంచే మొదలుపెడతాను. ఆడది మానేస్తే ఒక నోరు మానేస్తుంది. మగాడు మానేస్తే ఇల్లంతా మానేస్తుంది. నేను మానేశాక మా ఇంట్లో ఆదివారం కోడికూర ఒక్క వారం ఆగలేదు. కొట్టించి తెచ్చేది ఆయన. కడిగేది నేను, ఉప్పూ పసుపూ పట్టించేది నేను, అల్లం వెల్లుల్లి నూరేది నేను. ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మాత్రం మా చిన్నాణ్ని పిలిచి, అరచేతిలో నాలుగు చుక్కల పులుసు వేస్తాను. వాడు నాకేసి, కళ్లు మూసుకుని ఆలోచించి, "తెలవట్లేదమ్మా, ఇంకోసారి వెయ్యి" అంటాడు. వాడికి తెలుస్తుంది. నాకూ తెలుసు వాడికి తెలుసని. ఇందులో నాకు బాధేమీ లేదు. కానీ ఇదే పని మా ఆయన చేసి ఉంటే? "నేను మానేశాను" అని ఆయన సోమవారం ప్రకటిస్తే మంగళవారానికి మాంసం వండే దాకలు అటకెక్కేవి. నా పిల్లల నోళ్లకూ ఆ రోజుతో తాళం పడేది. వీధంతా "ఎంత నిష్ఠాపరుడో" అని ఆయన్ని మెచ్చుకునేది. నన్ను మెచ్చుకున్నవాళ్లెవరూ లేరు. "ఆవిడకి అరగదులే" అన్నారు.

కార్తీకం వచ్చిందంటే మా వీధి చూడాలి. మగాళ్లు అయ్యప్ప మాల వేస్తారు. మండల దీక్ష, నలభై ఒక్క రోజులు. నల్ల బట్టలు, నేల పడక, చన్నీళ్ల స్నానం, సాత్వికాహారం. వినడానికి అంతా ఆయన పడే కష్టంలాగే ఉంటుంది. తెల్లవారుజామున లేచి ఆ వంటిల్లు అలికేదెవరు? వేరే గిన్నెలు, వేరే పొయ్యి, ఆయనకో వంట, పిల్లలకో వంట, ఇంటికొచ్చే తోటి స్వాములకు భిక్ష. నెలసరి వస్తే ఆ నాలుగు రోజులు పక్కింటి వసారాకో పుట్టింటికో సర్దుకోవలసిందీ ఆవిడే. దీక్ష ఆయనది, ఉపవాసం ఆవిడది. తన వంట తానే వండుకునే స్వాములు లేకపోలేదు, వాళ్లకు దండం. మిగతావాళ్లు శబరిమల నుంచి దిగి మాల తీసిన వారంలో చికెన్ కొట్టు ముందు వరసలో కనిపిస్తారు. మా ఒడియా ఇరుగుపొరుగుకీ కార్తీకమే నిష్ఠ. ఆఖరి అయిదు రోజులు, పంచుకలో, కొంగ కూడా చేప ముట్టదని అంటారు. పున్నమి దాటిన మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు ఒడిశా మొత్తం మాంసం కొట్ల ముందే ఉంటుంది. నెలంతా దాచిన అహింసను ఒక్క పూటలో వడ్డీతో సహా రాబట్టుకుంటారు. నవ్వుకోవచ్చు, తప్పులేదు. గడువున్న దీక్ష గడువు తీరగానే పోతుంది. నా భయమంతా గడువు లేని దీక్షల గురించి. అందులోనూ, పక్కవాడి తరఫున పట్టే దీక్షల గురించి.

నేనుండే ఊరు బిస్సమ్ కటక్. విజయనగరంలో రాయపూర్ వైపు రైలెక్కితే పార్వతీపురం, రాయగడ దాటాక, మునిగుడ ఇంకా రాకముందు తగిలే చిన్న స్టేషను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం పుట్టేదాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ ఏజెన్సీ. అందుకే బజారులో సగం బేరాలు ఇప్పటికీ తెలుగులో సాగుతాయి. ఉప్పు, బట్టలు, కిరసనాయిలు అమ్ముకోవడానికి కొండ కిందికి చేరిన తెలుగువాళ్ల మనవలం, మునిమనవలం మేం. మాకు పైన నియమగిరి. అక్కడ డోంగ్రియా కోందులనే గిరిజనులు. మా అన్నం వాళ్ల అల్లం మీదా పసుపు మీదా వచ్చింది, ఇది మరిచిపోయి ఎవరు మాట్లాడినా నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మధ్య కొండ ఎక్కుతున్నది బేరగాళ్లు మాత్రమే కాదు. బోధకులు కూడా. కాషాయం కట్టినవాళ్లు, తెల్లబట్టల వాళ్లు, కరపత్రాల వాళ్లు. తీరు వేరైనా మాట ఒకటే: మాంసం మానండి, శుద్ధి అవుతారు. వీళ్లలో ఎవరైనా చాటికోన బుధవారం సంతలో ఒక గంట నిలబడి చూశారా అని నాకు అనుమానం. డోంగ్రియా ఆడవాళ్లు తెల్లారకుండా కొండ దిగి వస్తారు. తెల్లచీర, జడ నిండా పిన్నులు, ముక్కుకి పోగులు, నెత్తిన పసుపు కొమ్ముల గంప. కాలాన్నిబట్టి అనాసలు, పనసకాయలు. అమ్మింది అమ్మి, ఉప్పు కొని, చివర్లో ఎండుచేపల దుకాణం ముందు కూర్చుంటారు. చేపను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు, వేలితో పొట్ట నొక్కుతారు, ధర అడుగుతారు, పక్కన పెడతారు, మళ్లీ తీస్తారు. ఎంతకని? ఒక గుప్పెడుకి. వారమంతా ఆ ఇంట్లో చోడి అంబలికి రుచి ఆ గుప్పెడే. మిగతాదంతా సామలు, కొర్రలు, కందులు, దుంపలు, అడవి ఆకులు, వానాకాలంలో పుట్టగొడుగులు. మీరు లెక్క కడితే మా వీధిలో ఏ గుమస్తా అయినా ఒక్క నెలలో తినే కోడి, ఆ కొండ మీద మనిషికి ఏడాదికి దొరకదు. వీళ్లనా మీరు మాంసాహారులని పిలిచేది? వీళ్లకా మితాహారం నేర్పేది?

మరి అంత తక్కువ తినేది మానేస్తే ఏం పోయిందంటారా? చాలా పోతుంది. కొండ మీద మాంసం కూర కాదు, వాటా. దున్ననో మేకనో కోడినో ధరణి పెనుకి, అంటే భూమి తల్లికి, ఇచ్చాక వచ్చే మాంసం ఇంటింటికీ లెక్కగా పోతుంది. ఎవరి ఇంటికి పోయిందో వాళ్లు మనవాళ్లు. ఎవరి ఇంటికి పోలేదో వాళ్లతో పేచీ ఉంది. అక్కడ దస్తావేజు, రిజిస్ట్రారు ఆఫీసు, శుభలేఖ, అన్నీ ఆ ముక్కే. కొరాపుట్ వైపు గదబల్లో బలిచ్చిన జీవి తలకాయ, కాలేయం, రక్తం కలిపి వండిన అన్నాన్ని చోరు అంటారు. దాన్ని కలిసి తిన్నవాళ్లే అన్నదమ్ములు. మన పల్లెల్లో పోలేరమ్మ జాతరకి మాంసం ఎవరికి ముందు, ఎవరికి వెనక అని తలకాయలు పగిలిన రోజులు మన తాతలకు తెలుసు. కాబట్టి ఇదేదో అడవి వింత అని ఎవరూ ముక్కు మీద వేలేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ వరసలోంచి ఒకడు లేచి "నాకొద్దు, నేను శుద్ధుణ్ని" అన్నాడనుకోండి. నేను చూసిన ఒక ఇల్లు చెబుతాను. ఇద్దరు అన్నదమ్ములు, పక్క పక్క గడపలు, మధ్యన ఒకే గోడ. తమ్ముడు మెడలో పూస కట్టించుకుని వచ్చాడు. మాంసం వద్దు, ఇప్పసారా వద్దు, జీలుగు కల్లు వద్దు. బాగుంది. తర్వాత అన్న ఇంట్లో అన్నం వద్దు. ఆ తర్వాత అన్న ఇంట్లో నీళ్లు వద్దు. పండగ రోజు అన్న వాటా వేశాడు. అడ్డాకులో చుట్టి, నారతో కట్టి, తమ్ముడి గుమ్మం పక్కన గుంజకి వేలాడదీశాడు. చేతికిస్తే తీసుకోడు కదా. సాయంత్రం దాకా అది అక్కడే వేలాడింది. ఈగలు ముసిరాయి. వీధిలో అందరూ చూస్తున్నారు, ఎవరూ చూడనట్టే నడుస్తున్నారు. చీకటి పడే వేళకు వదినగారు వచ్చి విప్పి తీసుకుపోయింది. ఆమె ఏమీ అనలేదు, తమ్ముడూ బయటకు రాలేదు. మర్నాటి నుంచి పోడు నరకడానికి, ఇంటి కప్పు నేయడానికి ఆ ఇంటికి ఈ ఇంటి చెయ్యి సాయం రావడం మానేసింది. రేపు చావొస్తే భుజం పట్టడానికి ఎవరొస్తారో ఇంకా తేలలేదు. తమ్ముడి భార్యని అడిగితే నవ్వింది. పుట్టింటికి పోయినప్పుడు తింటుందట. తిరిగొచ్చే దారిలో వాగు దగ్గర కూర్చుని పుక్కిలించి పుక్కిలించి వస్తుందట. చెప్పండి, ఆ ఇంట్లో శుద్ధి అయినదెవరు?

నాణేనికి రెండో వైపు కూడా నాకు తెలుసు, దాచను. ఈ ప్రాంతంలో మాంసం మానడం నిన్న మొన్న రైలు దిగిన ముచ్చట కాదు. మహిమా ధర్మం, మా దగ్గర అలేఖ అంటారు, వంద సంవత్సరాలకు పైబడిన సంగతి. దాన్ని స్థాపించిన మహిమా స్వామి 1876లో పోయారు. ఆయన శిష్యుడు భీమా భోయి అంధకవి అనీ, కోందు బిడ్డ అనీ జనం చెప్పుకుంటారు. ఆ మతంలో విగ్రహం లేదు, పూజారి లేడు. ఆ సాధువులు రాజు ఇంటి అన్నం, బ్రాహ్మడి ఇంటి అన్నం ముట్టకూడదన్నది నియమం. గమనించారా? వాళ్లు ముట్టనిది పైవాడి అన్నం. 1881లో ఆ భక్తులు పూరీ జగన్నాథుడి గుడిలోకి దూసుకుపోయి దెబ్బలు తిన్నారు. ఆ మతం తీసుకున్న మగాళ్లు సారా మానేస్తే ఇళ్లల్లో ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అది నిజం. పండగలకి దున్నను కొనడానికి అప్పులు చేసి, పనస చెట్లు తాకట్టు పెట్టుకున్న కుటుంబాలున్నాయి. అదీ నిజం. అయితే తాగుడు మానడానికి తమ్ముడు అన్నని అంటరానివాణ్ని చేయాలని ఎక్కడుంది? షావుకారు వడ్డీ తగ్గించకుండా దున్నను మాత్రం ఎందుకు మానమంటారు? తాకట్టు పట్టినవాళ్లు చాలామంది శాకాహారులే బాబూ. మా బజారులో వాళ్లే. నీచు వాసన తగలని చేతులతోనే పనస చెట్లు రాయించుకున్నారు.

భీమా భోయి నాటి శాకాహారం పైవాడికి ఎదురుతిరిగింది. ఇప్పుడు కొండెక్కుతున్న శాకాహారం పైవాడి మెట్టు మీద ఒక మూల చోటు చూపిస్తానంటుంది. అదీ ఆఖరి మెట్టు. మాంసం మానేసిన కోందు కుర్రాణ్ని మా బజారులో ఏ ఇంట్లోనైనా పక్కన కూర్చోబెట్టి వడ్డిస్తున్నారా? నేనైతే చూడలేదు. వాడు అన్నకి దూరమయ్యాడు, మనకి దగ్గర కాలేదు.

ఇక పాల సంగతి. మన మైదానం శాకాహారం దేని మీద నిలబడిందో మనకే గుర్తుండదు. పప్పులో నెయ్యి, అన్నంలో పెరుగు, కాఫీలో పాలు, పాయసం, మజ్జిగ పులుసు. గేదె లేకపోతే మన శాకాహారం రెండు రోజుల్లో కూలబడుతుంది. కోందులు, గదబలు, సవరలు వాళ్ల పాత వాడుకలో పశువుల పాలు పితకరు. ఆవు పాలు దూడవి, మనిషివి కావు అంటారు. ఈ మాట మొదటిసారి విన్నవాళ్లు అమాయకత్వం అని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. దూడని గుంజకి కట్టేసి, అది అరుస్తుంటే నాలుగు లీటర్లు పితుక్కుని, మగదూడ పుడితే రెండు నెలల్లో సంతకి తోలేసి, ఆ పాలతో చేసిన పాయసం దేవుడికి పెట్టి, "మేం అహింసావాదులం" అని చెప్పుకునేది మనం. దూడ వాటా దూడకి వదిలేసి, ఏడాదికొకసారి దున్నని దేవతకిచ్చేది వాళ్లు. హింస లెక్క తీయాలంటే తీద్దాం, కానీ చిట్టాలో రెండు వైపులా రాయాలి.

పాలు లేని ఇంట్లో మాంసం, ఎండుచేప, గుడ్డు, వానాకాలం నత్తలు, ఎర్రచీమల పచ్చడి కూడా మాన్పిస్తే మిగిలేదేమిటి? బీ12 విటమిన్ మొక్కల్లో ఉండదు. నాకు పెరుగులో ఎంతో కొంత దొరుకుతుంది, చాలకపోతే మందుల షాపులో మాత్ర దొరుకుతుంది. కొండమీది బాలింతకి ఏం దొరుకుతుంది? ఈ నేల అసలే రక్తం పీల్చే నేల. ఫాల్సిపరమ్ మలేరియా ఎర్ర కణాలను తినేస్తుంది, సికిల్ సెల్ పుట్టుకతోనే వస్తుంది. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మ్యాడ్సెన్ అనే డాక్టరమ్మ మా ఊళ్లో ఆసుపత్రి ఎందుకు పెట్టిందో ఆ వరండాలో కూర్చున్నవాళ్ల కనురెప్పల లోపలి తెలుపు చూస్తే తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 64 మందికి రక్తహీనత. ఆ బిడ్డల నోటి ముందు నిలబడి "నత్త తినకు, పాపం" అనడానికి నోరెలా వస్తుంది?

ఒక మాట ఇక్కడ గుర్తు చేయాలి. 2001 వానాకాలంలో మా రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకల జీడి అంబలి తాగి మనుషులు చనిపోయారు. గింజలు అయిపోయిన ఇళ్లల్లో నిలవ ఉంచిన టెంకలు బూజు పట్టాయి, అవే కాచుకున్నారు. దేశమంతా పత్రికల్లో వచ్చింది. గిరిజనులకు టెంకలు తినడం అలవాటే అని చెప్పిన ఏలినవారూ ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే: ఆ అంబలిలో మాంసం లేదు. నూటికి నూరు పాళ్లు శాకాహారం. ఆకలి చేయించే శాకాహారాన్ని ఈ జిల్లా దశాబ్దాలుగా చూసింది. ఇప్పుడు వచ్చి దానికి పుణ్యం అని పేరు పెట్టి అమ్మకండి.

గుడ్డు దగ్గర ఈ పుణ్యం ఇంకా పచ్చిగా బయటపడుతుంది. 2015లో మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్, మండ్లా, హోషంగాబాద్ అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామని అధికారులు ప్రతిపాదిస్తే అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ వద్దన్నారు, పాలూ అరటిపండూ చాలన్నారు. అలీరాజ్‌పూర్, మండ్లా అంటే ఎవరి ఊళ్లు? భిల్లులవి, గోండులవి. ఆ పిల్లల ఇళ్లల్లో గుడ్డు నిషేధమేమీ కాదు, డబ్బు లేక రాదు. 2021 డిసెంబరులో కర్ణాటకలో వెనకబడిన జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే మఠాధిపతులు లేచారు. అప్పుడు గంగావతి వైపు ఒక బడిపిల్ల కెమెరా ముందు నిలబడి, మాకు గుడ్డు కావాలి, ఇవ్వకపోతే మీ మఠానికే వచ్చి తింటామని దులిపేసింది. ఆ పిల్లకి ఉన్న తెలివి పీఠాలకు లేకపోయింది. ఒడిశాలో, ఆంధ్రలో బడి భోజనంలో గుడ్డు ఇంకా ఉంది. ఉండనివ్వండి. నేను గుడ్డు తినను కాబట్టే అంటున్నాను: నా వాటా గుడ్డు కూడా ఆ పిల్లలకే వెయ్యండి.

మన తెలుగువాళ్లం ఈ విషయంలో మరీ విచిత్రం. 2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో శాకాహారులు నూటికి ఇద్దరు కూడా తేలలేదు, ఆంధ్రలోనూ అంతే, ఒడిశాలో ముగ్గురి లోపు. అయినా మన ఊళ్లల్లో అద్దె ఇంటికి పోతే మొదటి ప్రశ్న "మీరు వెజ్జేనా?" అనే కదా. నూటికి తొంభై ఎనిమిది మంది తినేది దాచుకోవాలి, ఇద్దరు తిననిది బోర్డు కట్టి చూపించుకోవచ్చు. 1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యానుల ఉద్యమం శాకాహార ర్యాలీలను ఊరూరా తిప్పింది. ధ్యానంతో పాటు మాంసం మానినవాళ్లలో మా బంధువులూ ఉన్నారు, మంచి మనుషులు. పండక్కి మా ఇంటికొచ్చి అదే వంటింట్లో నా పక్కన పీట వేసుకుని, పక్క పొయ్యి మీద కోడి ఉడుకుతున్నా కిక్కురుమనకుండా పులిహోర తిని పోయే పిన్నిగారు ఒకావిడ ఉంది. అటువంటివాళ్లకి నా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ర్యాలీలో ప్లకార్డు పట్టుకుని మాంసం కొట్టు ముందు నిలబడి, ఆ కొట్టు నడిపే మనిషి ముఖం మీద అరిచేవాళ్లతోనే నాకు పని. ఆ కొట్టువాడి కత్తికి లేని ద్వేషం ఆ ప్లకార్డులో ఉంటుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండగ చేసుకుంటే రాళ్లు లేచాయి, నెత్తురు కారింది. నెత్తురు కారించినవాళ్లు ఏ పక్షాన ఉన్నారు? జీవకారుణ్యం పక్షాన!

హింస అన్నారు కాబట్టి నియమగిరి దగ్గరికే వస్తాను. పందొమ్మిదో శతాబ్దంలో ఈ కొండల్లో భూమి తల్లికి మనిషిని బలిచ్చేవారు, మెరియా అంటారు. తెల్లదొరలు 1845లో దానికోసం ఒక ఏజెన్సీయే పెట్టి ఆపించారు. మనిషి స్థానంలో దున్న నిలబడింది. కోందులు తమ దేవతని ఒప్పించుకుని ఒక ప్రాణం స్థాయి దింపుకున్నారు. ఇంత పెద్ద మార్పు చేసుకున్న జాతికి, ఇప్పుడు దున్న స్థానంలో బూడిదగుమ్మడికాయ పెట్టండని వెళ్లి చెబుతున్నాం. సరే, ఏమో, ఒకనాటికి పెట్టుకుంటారేమో, అది వాళ్లకీ ధరణి పెనుకీ మధ్య మాట. కానీ ఈ కాలంలోనే మనం ఏం చేశాం? లాంజిగఢ్‌లో అల్యూమినా కర్మాగారం కట్టి, నియమగిరి నెత్తిని కోసి బాక్సైటు తవ్వుదామని బయలుదేరాం. వాగులు పోతే పోనీ, ఎర్రబురద చెరువులు వస్తే రానీ అన్నాం. ఆ కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లలో ఎంతమంది ప్యూర్ వెజ్ అయి ఉంటారో! కొండని కొయ్యడం శాకాహారమేనా అండీ? పశువుల పెంపకం వల్ల ప్రపంచ ఉద్గారాల్లో 14.5 శాతం వస్తోందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లో లెక్క చెప్పింది. ఆ లెక్క పట్టుకుని కొండమీది దున్నని చూపించేవాళ్లు, తాము కూర్చున్న కారు, తలుపు, కిటికీ చట్రం ఏ కొండ లోపలి లోహమో చూసుకోరు.

ఆ కొండ ఎలా మిగిలిందో అందరికీ తెలుసు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, దేవుడి హక్కు సంగతి గ్రామసభల్నే అడగమంది. ఆ జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లు కూర్చున్నాయి, ఏడు మా రాయగడ వైపు, అయిదు కలహండి వైపు. జిల్లా జడ్జి కుర్చీ వేసుకుని వింటుండగా ఒక్కొక్క ఊరే లేచి తవ్వకం వద్దంది. పన్నెండుకి పన్నెండూ. చెట్టు, వాగు, పులి, పురుగు, అన్నిటి తరఫునా మాట్లాడిన ఆ మనుషులు ఆ రోజు ఇంటికి పోయి దొరికితే ఎండుచేపే తిని ఉంటారు.

కాబట్టి కొండెక్కే బోధకులకు నా షరతు ఒకటి. పిల్లల హాస్టల్లో, జ్వరం వార్డులో, ఒంటరిగా దొరికిన కుర్రాడి మెడలో పూస కట్టడం కాదు. అదే పద్ధతిలో గ్రామసభ పెట్టించండి. ఊరి పూజారి జానీని పిలవండి, పూనకం వచ్చే బెజుని ముసలమ్మని పిలవండి, అలేఖ తీసుకున్నవాళ్లని, తీసుకోనివాళ్లని, వాగు దగ్గర పుక్కిలించే కోడళ్లని పిలవండి. మాంసం మానితే వాటా బదులు ఏమిస్తారో, బిడ్డకి గుడ్డు బదులు ఏమిస్తారో, షావుకారు దగ్గర పనస చెట్టు ఎప్పుడు విడిపిస్తారో అందరి ముందూ చెప్పండి. మీ ఇంట్లో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని తింటారో లేదో కూడా అక్కడే చెప్పండి. అప్పుడు ఊరంతా చెయ్యెత్తి మానేస్తామంటే, ఆ రోజు పప్పు నేనే వండి పంపిస్తాను. నెయ్యి మాత్రం వెయ్యను. అది దూడది.